గెలిచింది కారా, డ్రైవరా అని అడిగిన తమ్ముడికి

ముందు తమ్ముడు రాసిన ఉత్తరం క్లుప్తంగా చెప్తా, మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కదా.

"అక్కా, నేను ఆరేళ్లుగా ఫార్ములా వన్ చూస్తున్నా, ఒక్క రేసు కూడా మిస్ అవ్వను. మా పెదనాన్నగారి అబ్బాయి, అన్నయ్య, 400 మీటర్లు పరిగెత్తుతాడు. మొన్న ఒక ఆదివారం నా పక్కన కూర్చుని రేసు మొత్తం చూసి చివర్లో, ఇదేం ఆటరా, ఎవడి దగ్గర డబ్బుంటే వాడి కారు ముందుంటుంది, నన్ను బైక్ ఎక్కించి మిగతావాళ్లని పరిగెత్తిస్తే నేను చాంపియన్‌ని అయిపోతానా అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అప్పట్నుంచి టీవీలో రేసు పెట్టినా మనసు పట్టట్లేదు, 2023 సీజన్ గుర్తొస్తే అన్నయ్యే కరెక్టేమో అనిపిస్తోంది. నేను ఇన్నాళ్లూ చూసింది నిజంగా స్పోర్టేనా?"

తమ్ముడూ, ముందు మీ అన్నయ్యతో వాదన పెట్టుకోకు. ఆయన అన్నదాంట్లో చాలా వరకు నిజమే, ఉన్న నిజాన్ని కాదనబోతే మన దగ్గరున్న మంచి పాయింట్లు కూడా ఆయన వినడు. 2023లో 22 రేసులైతే 21 రెడ్ బుల్ టీమ్‌వే, అందులో 19 వెర్‌స్టాపెన్ ఒక్కడే గెలిచాడు, సింగపూర్‌లో ఫెరారీ డ్రైవర్ కార్లోస్ సైన్జ్ గెలిచాడు కాబట్టి ఆ ఒక్కటైనా మిగిలింది. ఆ ఏడాది నేను కూడా కొన్ని రేసులు సగంలో ఆపేశా, నిజం చెప్తున్నా.

అన్నయ్య వాదనకి ఇంకా గట్టి ఉదాహరణ నేనే ఇస్తా చూడు. 2020 డిసెంబర్‌లో బహ్రెయిన్‌లో సఖీర్ గ్రాండ్ ప్రి జరిగింది. మెర్సిడెస్ చాంపియన్ డ్రైవర్ హామిల్టన్‌కి కోవిడ్ వచ్చింది, ఆ సీటులోకి మెర్సిడెస్ వాళ్లు జార్జ్ రస్సెల్‌ని పిలిచారు. అప్పటికి రస్సెల్ దాదాపు రెండేళ్లుగా విలియమ్స్ టీమ్‌లో, గ్రిడ్ (స్టార్ట్ దగ్గర కార్ల వరస) వెనక భాగంలో తిరుగుతున్నాడు, ఒక్క పాయింట్ కూడా లేదు. మనిషి పొడుగు, హామిల్టన్ కొలతలకి చేసిన కాక్‌పిట్‌లో పట్టలేదు, కాళ్లు ఇరుకవుతున్నాయని ఒక సైజు చిన్న బూట్లు వేసుకుని మరీ ఎక్కాడు. క్వాలిఫయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ఎక్కణ్నుంచి స్టార్ట్ అవ్వాలో తేల్చే పోటీలో, అదే టీమ్ డ్రైవర్ బొటాస్‌కి పోల్ (మొదటి ప్లేసు), రస్సెల్ రెండో ప్లేసు, ఇద్దరికీ తేడా సెకనులో వెయ్యోవంతుల్లో 26. స్టార్ట్‌లోనే లీడ్ తీసుకున్నాడు, తర్వాత పిట్‌లో, అంటే రేసు మధ్యలో టైర్లు మార్చే చోట, వేరే కారు టైర్లు వేసి టీమే గందరగోళం చేసింది, దాని తర్వాత పంక్చర్, చివరికి 9వ ప్లేసు. అయినా ఆ రోజు అందరూ చూసింది ఏంటి? వారం కింద పాయింట్ కూడా దొరకని మనిషి, కారు మారగానే రేసు లీడ్ చేశాడు. మనిషి వారంలో ఏం మారతాడు చెప్పు, మారింది కారే. అన్నయ్యకి ఈ కథ చెప్తే "చూశావా, నేనేం చెప్పా" అంటాడు. అననీ. కరెక్టే కదా.

అంటే పాయింట్ల పట్టికలో మొదటి పేరు ఎవరిదో వాడే ప్రపంచంలో బెస్ట్ డ్రైవర్ అని ఎవరైనా అంటే అది తప్పు, ఆ పట్టిక అంత మాట ఎప్పుడూ చెప్పలేదు, మనమే అలా చదువుకుంటున్నాం. అది చెప్పేది ఈ డ్రైవర్, ఈ కారు, ఆ కారు కట్టిన మనుషులు, అందరూ కలిసి ఈ ఏడాది ముందున్నారు అని మాత్రమే. డ్రైవర్ల చాంపియన్‌షిప్ 1950లో మొదలైంది, కన్‌స్ట్రక్టర్ల టైటిల్ 1958లో వచ్చింది, అంటే కారు కట్టడం కూడా పోటీయేనని ఆట వాళ్లే ఎప్పుడో ఒప్పుకుని దానికి వేరే కప్పు పెట్టారు. మీ అన్నయ్య చెప్పిన బైక్ పోలిక దగ్గర నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఇదే. ఆయన్ని బైక్ ఎక్కిస్తే ఆ బైక్ ఎవరో ఎక్కడో చేసి ఇచ్చింది, ఆ పందెంతో దానికి సంబంధం లేదు. ఇక్కడ మాత్రం కారుని ఎవరూ బయట్నుంచి తెచ్చి డ్రైవర్ చేతిలో పెట్టట్లేదు, ఒకే రూల్ బుక్ చదివి ఎవరు బాగా చేస్తారు అన్నదే సగం ఆట.

నీకు నమ్మకం కుదరకపోతే ఒక్క పిట్ స్టాప్ స్లో మోషన్‌లో చూడు, కారుని కాకుండా మనుషుల్ని చూడు. ఒక్కో చక్రం దగ్గర ముగ్గురు, ఒకడి చేతిలో గన్, ఒకడు పాత టైర్ లాగుతాడు, ఇంకొకడు కొత్తది తోస్తాడు, ముందొక జాక్, వెనకొక జాక్, పక్కన కారు కదలకుండా పట్టుకునేవాళ్లు. గన్ పట్టుకున్న వాడు మోకాళ్ల మీద ఉంటాడు, ఎదురుగా కారు దూసుకొచ్చి చక్రం సరిగ్గా వాడి ముందు ఆగాలి, అది ఆగీ ఆగకముందే వాడి గన్ నట్టు మీద ఉండాలి. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ వాళ్లు నోరిస్ కారుకి నాలుగు టైర్లూ 1.80 సెకన్లలో మార్చేశారు. దీనికోసం వాళ్లు మళ్లీ మళ్లీ ప్రాక్టీస్ చేస్తారు, మెడలు భుజాలు జిమ్‌లో గట్టిపరుచుకుంటారు. రిలే రేసులో బ్యాటన్ మార్చుకోవడం ఆటలో భాగమైతే ఇది ఎందుకు కాదో మీ అన్నయ్యనే అడుగు, ఆయనకి బాగా తెలిసిన విషయం అది.

ఇక డబ్బు సంగతి. డబ్బుంటే గెలుపు వచ్చేస్తుంది అన్నది మాత్రం నేను ఒప్పుకోను. టొయోటా 2002 నుంచి 2009 దాకా ఎనిమిది సీజన్లు ఆడింది, గ్రిడ్‌లో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే టీముల్లో ఒకటి, ఒక్క రేసు కూడా గెలవలేదు. ఒక్కటి కూడా. అదే 2009లో ఏమైంది, హోండా 2008 డిసెంబర్‌లో మేం వెళ్లిపోతున్నాం అంటే ఆ టీమ్‌ని రాస్ బ్రాన్ ఒక్క పౌండుకి తీసుకున్నాడు, వాళ్ల డ్రైవర్ జెన్సన్ బటన్ మొదటి ఏడు రేసుల్లో ఆరు గెలిచాడు, రెండు టైటిల్సూ బ్రాన్‌కే. ఈ కథ చాలామంది పేదవాడి గెలుపులా చెప్తారు, నేను అలా చెప్పను, ఎందుకంటే ఆ కారు మీద వెళ్లిపోయే ముందు హోండా బోలెడు డబ్బు పోసింది. ఆ డబ్బుతో పాటు డబుల్ డిఫ్యూజర్ (గాలితో కారుని నేలకి అదిమిపట్టే వెనక భాగం) అనే ఐడియా కూడా ఉంది కాబట్టి గెలిచారు. డబ్బు లేకపోతే గెలవడం దాదాపు అసాధ్యం, డబ్బు ఉన్నంత మాత్రాన గెలవడం కూడా కుదరదు, రెండూ నిజాలే.

డబ్బు లేనివాళ్ల బాధ కూడా చూశాం. 2011లో ఆస్ట్రేలియాలో హెచ్‌ఆర్‌టీ టీమ్ రెండు కార్లూ, నరైన్ కార్తికేయన్, లియుట్సి ఇద్దరివీ, 107 శాతం రూల్ దాటలేక అసలు రేసులోకే రాలేదు. అంటే మొదటి సెషన్‌లో అందరికంటే వేగంగా తిరిగినవాడి టైముకి 107 శాతం లోపల రావాలి, రాలేకపోయారు. టెస్టింగ్ సరిగ్గా చెయ్యకుండా వచ్చిన కారుతో ఏ డ్రైవరైనా ఏం చేస్తాడు, ఆ రోజు వాళ్లిద్దర్నీ తప్పు పట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే తర్వాత వచ్చిన రూల్స్ నాకు చాలా ముఖ్యం అనిపిస్తాయి. 2021లో కాస్ట్ క్యాప్ పెట్టారు, టీమ్ ఖర్చు ఏడాదికి 14 కోట్ల 50 లక్షల డాలర్లు దాటకూడదు అని, తర్వాతి రెండేళ్లలో బేస్ లిమిట్ 13 కోట్ల 50 లక్షలకి తగ్గించారు. అంతకుముందు పెద్ద టీములు దీనికి రెండింతలు పైనే పెట్టేవి. 2021లో లిమిట్ దాటిందని రెడ్ బుల్‌కి 70 లక్షల డాలర్ల ఫైన్ వేసి, ఏరో టెస్టింగ్‌లో (కారు మీద గాలి ఎలా పారుతుందో చూసే పరీక్షల్లో) 10 శాతం కోత పెట్టారు. ఇంకో రూల్ ఉంది, అది నాకు ఇంకా నచ్చుతుంది, ఆ పరీక్షలు చేసే విండ్ టన్నెల్ టైమ్ అందరికీ సమానంగా ఇవ్వరు, చాంపియన్ టీమ్‌కి అందరికంటే తక్కువ, బేస్ లెక్కలో 70 శాతం, పదో ప్లేసు టీమ్‌కి 115 శాతం. ఓడినవాడికి ఎక్కువ ప్రాక్టీస్ ఇచ్చే ఆట ఇంకోటి చెప్పు చూద్దాం.

ఇవన్నీ పెట్టాక అంతా సమానమైపోయిందా? లేదు. డ్రైవర్ల జీతాలు క్యాప్ బయటే ఉంటాయి, క్యాప్ రాకముందే కట్టుకున్న ఫ్యాక్టరీలు, కొనుక్కున్న మెషీన్లు ఎవరి దగ్గరున్నవి వాళ్ల దగ్గరే ఉన్నాయి, పాత ఆస్తి ఎక్కడికీ పోదు. కానీ ఒకటి చూశావుగా, 2023 మొదటి రేసులో మెక్‌లారెన్ పరిస్థితి ఏంటి, నోరిస్ 17వ ప్లేసు, పియాస్ట్రి మధ్యలోనే ఆగిపోయాడు. తర్వాతి ఏడాది అదే టీమ్ కన్‌స్ట్రక్టర్ల టైటిల్ గెలిచింది, 1998 తర్వాత మళ్లీ అప్పుడే, అదీ సొంత ఇంజిన్ లేకుండా మెర్సిడెస్ దగ్గర ఇంజిన్లు కొనుక్కుని. నువ్వు 2023 చూసి మనసు విరుచుకుని 2024 సరిగ్గా చూడలేదేమో అని నా డౌటు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా, చిన్నదే. ఒకసారి ఫ్రెండ్స్ పదిమందిమి అద్దె కార్టింగ్‌కి (చిన్న రేసు బండ్లు నడిపే చోటికి) వెళ్లాం, అన్నీ ఒకే రంగు కార్టులు, ఒకే ఇంజిన్, పది నిమిషాల చొప్పున రెండు రౌండ్లు. నాకు వచ్చిన కార్టుకి బ్రేక్ చివరిదాకా తొక్కితే గానీ పట్టదు, స్టీరింగ్ ఎడమకి లాగుతోంది, ఆ పది నిమిషాలకే చేతులు జివ్వుమని, పక్కటెముకలు రెండు రోజులు నొప్పి. తొమ్మిదో ప్లేసు వచ్చింది. మా ఫ్రెండ్ ఒకమ్మాయి మంచి కార్టు దొరికి ఫస్ట్ వచ్చింది, మేమంతా కార్టు వల్ల గెలిచావు అన్నాం. తను ఏం మాట్లాడకుండా రెండో రౌండ్‌లో నా కార్టే తీసుకుంది, మూడో ప్లేసు వచ్చింది. చేతిలో ల్యాప్ టైముల షీటు పట్టుకుని నేను చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డా, ఎందుకంటే అదే కార్టు, అదే బ్రేక్, నాకూ తనకీ ల్యాప్‌కి రెండు సెకన్లు తేడా. తను ఎంత బాగా నడుపుతుందో మొదటి రౌండ్ గెలుపులో మాకెవ్వరికీ కనపడలేదు, ఆ మూడో ప్లేసులో కనపడింది. అదే రోజు ఇంకోటి కూడా అర్థమైంది, సమానం అని చెప్పిన కార్టులు కూడా సమానంగా ఉండవు, అందుకే కార్టింగ్‌లో రోటాక్స్ మ్యాక్స్ గ్రాండ్ ఫైనల్స్ లాంటి పెద్ద పోటీల్లో ఎవరికి ఏ బండి అన్నది లాటరీ తీసి ఇస్తారు.

రేసులు చూడటం నేను అప్పట్నుంచే మార్చుకున్నా. మొదటి ప్లేసు వైపు చూడటం తగ్గించి టీమ్‌మేట్‌ల వైపు చూస్తా. ఒకే టీమ్, ఒకే కారు, ఇద్దరు మనుషులు, అక్కడ డబ్బు సాకు చెల్లదు. 2019లో విలియమ్స్ అందరికంటే వెనకే ఉంది గానీ 21 క్వాలిఫయింగ్‌లలో రస్సెల్ తన టీమ్‌మేట్ కుబిత్సాని 21 సార్లూ దాటాడు, కుబిత్సాకి చేతి గాయం ఉందన్నది కూడా మర్చిపోకూడదు, అయినా ఆ లెక్క చూసిన మెర్సిడెస్ వాళ్లకి ఎవర్ని పిలవాలో తెలిసింది. 2007లో మెక్‌లారెన్‌లో హామిల్టన్ కొత్తగా వచ్చాడు, అలోన్సో రెండుసార్లు చాంపియన్, సీజన్ అయ్యేసరికి ఇద్దరికీ సరిగ్గా 109 పాయింట్లు, వాళ్లిద్దరూ కొట్టుకుంటుంటే ఫెరారీ డ్రైవర్ రైకొనెన్ 110తో టైటిల్ పట్టుకెళ్లాడు. ఇక 1988 అయితే 16 రేసుల్లో 15 మెక్‌లారెన్‌వే, మీ అన్నయ్య లెక్కలో అంతకంటే బోరు సీజన్ ఉండకూడదు, కానీ ఆ కార్లలో ఉన్నది సెన్నా, ప్రోస్ట్, 8 గెలుపులు ఒకరివి 7 ఇంకొకరివి, ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకే టీమ్ గెలుస్తోందంటే ఆట చచ్చిపోయినట్టేనని నేను అనుకోకపోవడానికి కారణం ఆ సీజనే.

తక్కువ కారుతో మనిషి బయటపడిన రోజులు కూడా ఉన్నాయి, తక్కువే గానీ ఉన్నాయి. 1961 మొనాకోలో స్టిర్లింగ్ మాస్ ప్రైవేట్ టీమ్ లోటస్‌లో, ఎదురుగా ఎక్కువ పవర్ ఉన్న మూడు ఫెరారీలు, 100 ల్యాపులు, వేడికి కారు పక్క ప్యానెళ్లు విప్పేసి నడిపాడు, అద్దంలో ఎప్పుడూ ఎర్ర కార్లే, చివరికి 3.6 సెకన్ల తేడాతో గెలిచాడు. 2008 మోంజాలో వానలో వెటెల్ టోరో రోసో అనే చిన్న టీమ్‌తో పోల్, గెలుపు రెండూ. వాన పడితే, ఇరుకు సర్క్యూట్ అయితే కారు బలం కొంచెం తగ్గి చేతులు బయటపడతాయి, అందుకే వాన వస్తుందంటే మనవాళ్లంతా టీవీలకి అతుక్కుపోయేది.

శరీరం కష్టపడదు అని కూడా అన్నయ్య అని ఉంటాడు, నువ్వు రాయలేదు గానీ. 2023 ఖతార్ రేసు చూపించు. ఆ వేడికి ఓకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకుని ఆగకుండా రేసు పూర్తి చేశాడు, సార్జెంట్ ఇక నడపలేక ఆగిపోయాడు, అలోన్సో సీటు కాలిపోతోంది పిట్‌లో నా మీద నీళ్లు పొయ్యండి అని రేడియోలో అడిగాడు. పెద్ద మలుపుల్లో ఒంటి మీద బరువుకి ఐదు రెట్ల దాకా బలం పడుతుంది, తల, హెల్మెట్ కలిపి మెడ మీద ముప్పై కిలోలకి పైనే లాగుతుంది, ల్యాప్ ల్యాప్‌కీ. బ్రేక్ తొక్కాలంటే వంద కిలోల పైన బలం పెట్టాలి. దీని మీద ఇంక ఎక్కువ చెప్పను, ఇది అసలు వాదనే కాదు నా దృష్టిలో.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు ఒక తప్పు చెయ్యకు, అన్ని ఆటల్లోనూ ఇంతే అని కొట్టిపారెయ్యకు. స్విమ్మింగ్‌లో 2009లో రోమ్‌లో సూట్ల పుణ్యమా అని 43 ప్రపంచ రికార్డులు పోయాయి, 2010 నుంచి ఆ సూట్లు బ్యాన్ చేశారు, పరుగులో బూట్ల అడుగు మందానికి 2020లో లిమిట్ పెట్టారు, ఇవన్నీ నిజమే, సామాను గొడవ అన్ని చోట్లా ఉంది. కానీ పరుగులో బూటు ఇచ్చే లాభం ఎంత, రేసింగ్‌లో కారు ఇచ్చే లాభం ఎంత, రెండూ ఒకటే అంటే 400 మీటర్లు పరిగెత్తే మనిషి నవ్వుతాడు, నవ్వాలి కూడా. ఒలింపిక్ చార్టర్‌లో ఒకప్పుడు యంత్రం బలం మీద ప్రధానంగా ఆధారపడే ఆటలు ఒప్పుకోం అని రాసుకున్నారు, 2013లో కార్ రేసింగ్ నడిపే సంస్థ ఎఫ్‌ఐఏకి గుర్తింపు ఇచ్చారు గానీ రేసింగ్ ఇప్పటికీ ఒలింపిక్స్‌లో లేదు. కారు వాటా ఇంత ఎక్కువ ఉన్న ఆట ఇంకోటి లేదేమో, అది ఒప్పుకునే మాట్లాడు.

నాకు నిజంగా బాధ కలిగించే అన్యాయం గ్రిడ్ మీద లేదు తమ్ముడూ, అసలు గ్రిడ్ దాకా రాని పిల్లల దగ్గర ఉంది. ఎనిమిదేళ్ల పిల్లాడు కార్టింగ్ మొదలుపెడితే టైర్లు, ఇంజిన్లు, మెకానిక్, ప్రయాణాలు, ఫార్ములా 3, ఫార్ములా 2 దాకా వచ్చేసరికి సీజన్‌కి మిలియన్ల డాలర్లలో లెక్క. మీ అన్నయ్యకి ట్రాక్, బూట్లు, కోచ్ ఉంటే ఎంత ఫాస్టో తెలిసిపోయింది, ఈ ఆటలో ఎంత ఫాస్టో తెలుసుకోవడానికే ముందు డబ్బు కట్టాలి. హామిల్టన్ వాళ్ల నాన్న కొడుకు కార్టింగ్ కోసం ఒకేసారి రెండు మూడు ఉద్యోగాలు చేశాడు, 1998లో 13 ఏళ్ల వయసులో మెక్‌లారెన్ సైన్ చేసుకుంది కాబట్టి నిలబడ్డాడు. ఓకాన్ అమ్మానాన్న ఇల్లు అమ్మేసి కారవాన్‌లో ఉన్నారు. వీళ్ల పేర్లు మనకి తెలుసు ఎందుకంటే వీళ్లు వచ్చారు, ఇల్లు అమ్మి కూడా రానివాళ్ల పేర్లు ఎవరికి తెలుసు. 2016 నుంచి సూపర్ లైసెన్స్‌కి, అంటే ఫార్ములా వన్ నడపడానికి కావాల్సిన లైసెన్స్‌కి, కింది రేసుల్లో తెచ్చుకున్న 40 పాయింట్లు ఉండాలి అన్నారు, దాంతో డబ్బు తెచ్చి నేరుగా సీటు కొనుక్కోవడం కష్టమైంది, మంచిదే, కానీ ఆ 40 పాయింట్లు తెచ్చుకునే రేసులు ఆడటానికి కూడా డబ్బే కావాలి. కాస్ట్ క్యాప్ పైన పెట్టారు, కింద కార్టింగ్‌లో అంత గట్టిగా ఏదీ పెట్టలేదు. నన్నడిగితే ముందు అక్కడ పెట్టాలి.

కాబట్టి నువ్వు ఆరేళ్లు చూసింది స్పోర్టే, టీమ్ స్పోర్ట్, అందులో ఇద్దరు మాత్రమే కెమెరాకి కనపడతారు. నువ్వు చూడనిది ఆ ఇద్దరూ అక్కడిదాకా ఎలా వచ్చారన్నది, అన్నయ్య కోపం అటు తిప్పితే నేను కూడా ఆయన పక్కనే నిలబడతా.

వచ్చే శనివారం ఒక పని చెయ్యి. ఆదివారం రేసు వదిలెయ్, క్వాలిఫయింగ్‌కి అన్నయ్యని కూర్చోబెట్టు. ఒక కాగితం మీద టీమ్‌మేట్‌ల జంటలు రాసి, ఒక్కో జంట టైములు పక్కపక్కన రాస్తూ వెళ్లు, ఎవరు ఏ ప్లేసు అన్నది అసలు చెప్పకు, తేడాలు మాత్రం ఆయనకి చూపించు. సెకనులో వందో వంతు సంపాదించాలంటే మనిషికి ఎంత పని పడుతుందో నీకంటే నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఏమన్నాడో నాకు రాయి.